ట్రాలీలో 28 ఎం.ఎం.

రాజమండ్రి

చి. అమ్మడూ,

ఐర్లండ్‌లో మీ ట్రాలీ పక్కనున్న బ్లెనర్‌విల్ గాలిమర దగ్గర 28 ఎం.ఎం. లెన్స్‌తో నువ్వు తీసిన రీలు చూశాను. ఎక్స్‌పోజర్ బాగా కుదిరింది. కానీ ప్రతి ఫొటోలోనూ గాలిమర వెనక్కి ఒరిగిపోయింది, దాని వెనక స్లీవ్ మిష్ కొండలు చీమల పుట్టల్లా మిగిలాయి. లెన్స్‌లో లోపం ఉందా అని అడిగావు. లేదు. పేరు 1756లో వియన్నాలో పుట్టిన ఫోక్ట్‌లెండర్ కంపెనీది, పనితనం జపాన్ కొసీనాది. రెంటికీ వంక పెట్టలేం.

కెమెరాను పైకెత్తితే ఏ కట్టడమైనా ఒరుగుతుంది. ఇక్కడే కూర్చుని లెక్క వేశాను, విను. 1800లో కట్టిన ఆ గాలిమర ఎత్తు సుమారు 21 మీటర్లు. కెమెరా నిలువుగా పట్టుకుంటే ఫ్రేము పొడవు 36 ఎం.ఎం., అందులో సగం 18. దాన్ని 28తో భాగిస్తే 0.64. నీ కంటి ఎత్తు పోగా మిగిలిన పంతొమ్మిది మీటర్ల చిల్లరను ఈ 0.64తో భాగించు, 30 వస్తుంది. అంటే 30 మీటర్ల దూరంలో కెమెరా ఎత్తకుండా, దించకుండా నిలబడితే బురుజు నిటారుగా పడుతుంది. రెక్కలు పైకి లేచి ఉంటే ఇంకా వెనక్కి జరుగు.

అప్పుడు ఫ్రేములో కింది సగమంతా నేలే. వైడ్ లెన్స్‌తో అసలు పని అక్కడ మొదలవుతుంది. కాలవ గట్టు, వాననీటి గుంట, ఎవరో ఆనించి పోయిన సైకిల్, ఏదైనా సరే, ముందుగా నీ కాళ్ళ దగ్గర ఒక వస్తువు వెతుక్కో. దాని దగ్గరకు, ఇబ్బందిగా అనిపించేంత దగ్గరకు వెళ్ళు. ఆ తర్వాతే గాలిమరను వెనక ఎక్కడో సర్దుకో. కొండలే కావాలనుకుంటే 50 ఎం.ఎం. లెన్స్ తగిలించు, ఈ లెన్స్‌ను వేధించకు.

మీ ఊరి డెన్నీ స్ట్రీట్‌లో మనుషుల్ని తీసేటప్పుడు రేంజ్‌ఫైండర్‌లో రెండు బొమ్మలూ ఒకటయ్యేదాకా ఆగకు. ఎఫ్11 పెట్టి, దూరం 2.4 మీటర్ల దగ్గర తిప్పి వదిలెయ్. 1.2 మీటర్ల నుంచి కనుచూపు మేర దాకా స్పష్టంగా వస్తుంది. బాగా మబ్బు పట్టినా 400 ఫిల్మ్‌కు 1/125 చాలు. మార్టిన్ పార్ 1982లో వేసిన 'బ్యాడ్ వెదర్' పుస్తకం దొరికితే చూడు. ఐర్లండ్, ఇంగ్లండ్ వానల్లో, నీళ్ళలో ముంచినా పాడవని నికోనాస్ కెమెరాతో తీశాడు. దానికి రేంజ్‌ఫైండరే లేదు, దూరం కంటితో అంచనా కట్టుకోవలసిందే. మీ ఊళ్ళో వానకు కొదవ లేదు కదా!

నీ రేంజ్‌ఫైండర్ కెమెరాలో లేచి పడే అద్దం ఉండదు. అందుకే లెన్స్ వెనక గాజు ఫిల్మ్‌కు బాగా దగ్గరగా కూర్చుంటుంది, లెన్స్ ఇంత బుల్లిగా తయారవుతుంది. వ్యూఫైండర్ మూలకు అడ్డం రాదు. పెద్ద హుడ్ కొని ఆ సుఖం పోగొట్టుకోకు. కళ్ళజోడుతో 28 ఎం.ఎం. ఫ్రేము గీతలు నాలుగూ ఒకేసారి కనబడవు, కన్ను జరిపి మూలలు చూసుకో.

అద్దం లేకపోవడంతో ఒక చిక్కూ ఉంది. డిసెంబరు చివర్లో ట్రాలీ సూర్యుడు మిట్టమధ్యాహ్నం కూడా సుమారు 14 డిగ్రీల ఎత్తుకే లేస్తాడు, ఎదురుగానే ఉంటాడు. ఆ ఎండ లెన్స్‌లోంచి నేరుగా గుడ్డ షట్టర్ మీద పడితే చిల్లి పడుతుంది. నడిచేటప్పుడు మూత పెట్టు. మూత ఉన్నా వ్యూఫైండర్‌లో లోకం హాయిగా కనిపిస్తూనే ఉంటుంది, కాబట్టి నొక్కేముందు వేలితో తడిమి చూసుకో.

ఆగస్టులో రోజ్ ఆఫ్ ట్రాలీ పండగ ఊరేగింపుకు ఈ ఒక్క లెన్సే పట్టుకెళ్ళు. బళ్ళ మీది అమ్మాయిల్ని వదిలెయ్, వాళ్ళను తీసేవాళ్ళు బోలెడంతమంది. నీ పక్కన నిలబడ్డ జనాన్ని తియ్. నువ్వు ఎంచిన నాలుగు ఫొటోలు నాకొద్దు, కాంటాక్ట్ షీట్ మొత్తం పంపు.

మీ పెదనాన్న