నలభై రెండో రోజు

భవానీపురం, విజయవాడ.

అమ్మడూ,

నీ థీసిస్ సినాప్సిస్ నింపాదిగా చదివాను. డోపమైన్ అధ్యాయంలో నేను దిద్దవలసింది ఏమీ లేదు. 1997లో షుల్ట్జ్, దయాన్, మాంటేగ్ రాసిన వ్యాసంతో మొదలుపెట్టడం బాగుంది. కోతి నోట్లో పళ్లరసం పడ్డప్పుడు చెలరేగిన నాడీకణాలు కొన్నాళ్లకు రసం వస్తుందని చెప్పే దీపానికే చెలరేగుతాయి. దీపం వెలిగీ రసం రాకపోతే చప్పబడిపోతాయి. సాయంత్రం బండి పక్కన పెట్టిన డ్రైవరుకు మందు షాపు బోర్డు కనబడగానే కాళ్లు అటు లాగుతాయి చూడు, అదీ ఇదే. ఇంకా గుక్క గొంతులో పడలేదు, మెదడు అప్పుడే లెక్క కట్టేసింది. ఇష్టం తగ్గిపోయాక కూడా కోరిక పెరుగుతూనే పోతుందని రాబిన్సన్, బెరిడ్జ్ 1993లో అన్నారు. అది తాగేవాడి భార్యను అడిగినా చెబుతుంది.

నాకు గుచ్చుకున్నది రెండో అధ్యాయం. అయోవా పేకముక్కల పరీక్ష పెడతానన్నావు. 1994లో బెకారా, డమాసియో వాళ్లు తయారుచేసిన నాలుగు కట్టల ఆట. రెండు కట్టల్లో పెద్ద లాభాలు, అంతకన్నా పెద్ద నష్టాలు; పది ముక్కలు తీసేసరికి 250 డాలర్లు పోతాయి. మిగతా రెండింట్లో లాభం చిన్నదే, కానీ చివరికి 250 మిగులుతాయి. మెదడులో నుదుటి వెనక కింది భాగం దెబ్బతిన్నవాళ్లు నష్టపోతూనే మొదటి కట్టల్ని వదలరు. వ్యసనపరుల్లో చాలామంది ఆటా అలాగే సాగుతుంది. ఇంతవరకూ సరే. దాని పక్కనే ‘ఇవాళ 500 తీసుకుంటావా, నెల ఆగి 1000 తీసుకుంటావా’ అనే ప్రశ్నలు పెట్టి, 500 అన్నవాడి మెదడుకు రేపటి విలువ తెలియడం లేదని తేల్చబోతున్నావు. అక్కడ ఆగు.

మన పేటలో అద్దె ఆటో నడిపేవాడికి పొద్దున్నే ఓనరుకు కట్టాలి, సాయంత్రం డైలీ ఫైనాన్సు వాడు వస్తాడు. ఆ 500 చేతిలో లేకపోతే రేపు బండే లేదు. అతను 500 తీసుకోవడం అక్షరాలా తెలివైన పని. పైగా నెల తర్వాత డబ్బిస్తామన్నవాళ్లు ఎందరు ఇచ్చారో అతనికి తెలుసు. డెల్టాలో కౌలు రైతును అడిగినా అంతే. పంట చేతికొచ్చేదాకా అప్పు మీద బతికేవాడి రేపు వేరు, నెలజీతగాడి రేపు వేరు. తాగేవాడినీ తాగనివాడినీ పోల్చేముందు వాళ్ల అప్పుల్ని పోల్చు. లేకపోతే పేదరికాన్ని కొలిచి దానికి వ్యసనం అని పేరు పెడతావు. నీ మీద నాకున్న భయం ఇదొక్కటే.

మెదడు సంగతి వదిలెయ్యమని కాదు. పార్కిన్సన్స్‌కు డోపమైన్ మందులు వాడే కొందరు, అంతకుముందు ఎన్నడూ ఎరగని జూదానికి అలవాటుపడతారు. మద్రాసు ఐఐటీలో వి. శ్రీనివాస చక్రవర్తి బృందం బేసల్ గాంగ్లియా గణిత నమూనాలతో ఆ తొందరపాటు మీద 2015లో ఒక వ్యాసం ప్రచురించింది. తప్పక చదువు. నిర్ణయంలో రసాయనం వాటా ఎంతో తేటగా కనబడే చోటు అది.

మిగతా వాటా కనబడే చోటు మన ఊళ్లోనే ఉంది. ఏటా కార్తీకంలో పేట దీక్షా వస్త్రాలతో ఎర్రబడుతుంది. భవానీ మాల వేసుకున్నవాళ్లు మండల దీక్షయితే 41 రోజులు, అర్ధమండలమైతే 21 రోజులు నియమంతో ఉంటారు. చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, చెప్పులు లేని నడక. క్వార్టర్ పడనిదే నిద్రపోనివాడు మందు ముట్టడు. మార్గశిరంలో గిరిప్రదక్షిణ చేసి, ఇంద్రకీలాద్రి మీద ఇరుముడి అప్పజెప్పి మాల తీస్తాడు. మర్నాడే మళ్లీ మొదలుపెట్టేవాళ్లు ఉన్నారు. పెట్టనివాళ్లూ ఉన్నారు.

షాపు ఉన్నచోటే ఉంది, అతను నడిచే దారీ అదే. కానీ భార్యతో సహా అందరూ ‘భవానీ’ అని పిలుస్తారు. మాలలో ఉన్నవాడికి గ్లాసు అందించే ధైర్యం ఏ స్నేహితుడికీ ఉండదు. సాయంత్రం పూజకో భజనకో పోతుంది. ‘జన్మలో ముట్టకు’ అనలేదు ఎవరూ, ఫలానా రోజుదాకా అన్నారు. మాల తీసిన రోజున ఇవన్నీ ఒక్కసారే పోతాయి. వియత్నాంలో హెరాయిన్‌కు బానిసలైన అమెరికన్ సైనికుల్ని పరిశోధకురాలు లీ రాబిన్స్ వెంటబడి చూస్తే, ఇంటికొచ్చిన తొలి ఏడాది మళ్లీ అందులో పడ్డది దాదాపు 5 శాతమే. వ్యసనాన్ని పుట్టించిన చోటును వాళ్లు విడిచి వచ్చారు. మనవాడు మాల తీసి సరిగ్గా అలాంటి చోటికే తిరిగి వెళతాడు. దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా దుకాణాన్ని మూయించినప్పుడు పట్టుకున్నదీ చోటును మార్చాలన్న ఈ కీలకాన్నే. ఒక్కొక్క మొగుణ్నీ మార్చుకుంటూ కూర్చోలేదు.

కనుక నీ థీసిస్‌కు నలభై రెండో రోజు కావాలి. ఎవరు తిరిగి తాగారు, ఎవరు తాగలేదు, ఆ ఇద్దరి సాయంత్రాల్లో తేడా ఏమిటి.

ఒక జాగ్రత్త. రోజూ బాగా తాగేవాడు హఠాత్తుగా మానితే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, ఫిట్స్, మతి తప్పి కేకలు వెయ్యడం రావచ్చు. ప్రాణం మీదికీ రావచ్చు. దాన్ని పూనకమనుకుని ఇంట్లోనే ఉంచేస్తే ఇక అంతే. నీ దగ్గరికొచ్చే ప్రతివాణ్నీ మాల వేసుకోకముందే డాక్టరుకు చూపించు. మద్యానికి బానిసలైనవాళ్లలో 38 మందిలో ఒక్కరే ఏదైనా చికిత్స పొందారని 2019లో ఎయిమ్స్ వాళ్ల దేశవ్యాప్త సర్వే తేల్చింది. చాలామందికి నువ్వు చూపించే డాక్టరే మొదటి డాక్టరు కావచ్చు.

దీక్ష విరమణ రోజు కొండ కింద క్యూలో ఎవరినీ ఆపి ప్రశ్నలడగకు. కార్తీకానికి ముందే రా. మీ గైడును ఒప్పించి, ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, ప్రశ్నలు తెలుగులో రాసి నాకు పంపు. బండి అద్దెదా సొంతమా, అప్పు ఎంత, సాయంత్రం ఏడింటికి ఎక్కడుంటాడు, ఎవరితో ఉంటాడు: పేకముక్కల స్కోరుకన్నా ముందు ఈ గళ్లు నిండాలి.

మీ పెదనాన్న