కంగారులో అక్కరకొచ్చేది

అనకాపల్లి జిల్లా ఉప్మాక వెంకన్న దర్శనానికి వచ్చినవాళ్లలో చాలామంది తిరుగుదారిలో సముద్రం కూడా చూసి వెళ్తారు. గరుడాద్రి మెట్లు దిగి, కింది గుడిలో స్వామికి దణ్ణం పెట్టుకుని, నక్కపల్లి దగ్గర హైవే ఎక్కితే రేవుపోలవరం తీరం ఎంతో దూరం కాదు. మాఘ పౌర్ణమికి ఆ తీరంలో సముద్ర స్నానాలు చేసే ఆచారం ఉంది. బంగారమ్మపాలెం, పూడిమడక, పెంటకోట తీరాలంటే ఈ ప్రాంతంలో తెలియనివారుండరు. సముద్రం మనకు కొత్త కాదు. కానీ వేట మీద బతికే మత్స్యకారులను పక్కన పెడితే, మనలో ఎక్కువమందికి తెలిసిన సముద్రం మోకాలి లోతు వరకే.

ఇప్పుడు ఆ లోతు దాటి చూడాలనుకునేవారికి దారి దగ్గర్లోనే ఉంది. విశాఖలో రుషికొండ, ఆ పైన మంగమారిపేట, ఇంకా ముందుకెళ్తే విజయనగరం జిల్లా చింతపల్లి తీరం స్కూబా డైవింగ్‌కు పేరు తెచ్చుకున్నాయి. సెలవులకు బీచ్‌కి వెళ్లిన కుర్రకారు సముద్రం అడుగున చేపల మధ్య తీసుకున్న వీడియోలు పట్టుకొస్తున్నారు. చూసినవాళ్లు ‘అబ్బ, ఎంత ధైర్యం!’ అంటున్నారు.

ధైర్యం సంగతి సరే. స్కూబా మొదటిసారి దిగినవాడికి నేర్పేది అంతకంటే విలువైన పాఠం. కంగారులో కొత్త తెలివి పుట్టదు. అంతకుముందు చేతికి, ఊపిరికి అలవాటైన పనే ఆ క్షణంలో అక్కరకొస్తుంది. ఈ ఒక్క సంగతి ఒంటబట్టించుకుంటే పరీక్ష హాలు నుంచి ఆపరేషన్ థియేటర్ గుమ్మం వరకు ఎక్కడైనా మనిషి నిలబడగలడు.

శరీరం ఇచ్చే తప్పుడు సలహా

భయపడ్డప్పుడు శరీరం రెండు పనులు చేయమంటుంది. ఊపిరి బిగబట్టమంటుంది, అక్కడి నుంచి పారిపొమ్మంటుంది. నేల మీద ఈ రెండూ చాలాసార్లు మనల్ని కాపాడతాయి. సిలిండర్ గాలి పీలుస్తూ నీటి అడుగున ఉన్నప్పుడు మాత్రం ఈ రెండూ ప్రాణం మీదికి తెస్తాయి.

కారణం తేలికగానే అర్థమవుతుంది. సముద్ర మట్టం దగ్గర మన మీద ఒక వాతావరణ పీడనం ఉంటుంది. నీటిలో దిగిన ప్రతి 10 మీటర్లకూ దాదాపు అంతే పీడనం అదనంగా చేరుతుంది. అంటే 10 మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపు. పీడనం పెరిగితే గాలి నలిగి చిన్నదవుతుందని, తగ్గితే విస్తరిస్తుందని రాబర్ట్ బాయిల్ 1662లోనే ప్రకటించాడు. 10 మీటర్ల లోతులో ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చి, దాన్ని బిగబట్టి పైకి దూసుకొచ్చామంటే, నీటి పైకి చేరేసరికి ఆ గాలికి రెండింతల చోటు కావాలి. ఊపిరితిత్తుల్లో అంత చోటు లేదు. అవి దెబ్బతింటాయి.

అందుకే స్కూబాలో మొట్టమొదటి నియమం ఊపిరి ఎప్పుడూ ఆపకూడదు అన్నది. రెండోది, ఎంత తొందరగా ఉన్నా నెమ్మదిగానే పైకి రావాలి. మన నోటి నుంచి వెళ్లే చిన్న చిన్న బుడగలను దాటి ముందుకు పోకూడదన్నది పాత డైవర్లు చెప్పే లెక్క.

1943లో ఫ్రాన్స్‌లో జాక్ కుస్తో, ఎమిల్ గన్యాన్ కలిసి తయారుచేసిన పరికరం ఈ క్రీడకు పునాది. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క కార్లను గ్యాస్‌తో నడిపేవారు. అందుకోసం గన్యాన్ రూపొందించిన వాల్వును నీటి అడుగున ఊపిరికి పనికొచ్చేలా మార్చారు. డైవర్ పీల్చినప్పుడే, ఆ లోతులోని ఒత్తిడికి తగ్గట్టు గాలినివ్వడం దాని పని. రెగ్యులేటర్ అనే ఆ పరికరం గాలినైతే ఇవ్వగలదు. దాన్ని నిదానంగా పీల్చే నిబ్బరాన్ని ఇవ్వలేదు. అది మనమే సంపాదించుకోవాలి.

నడుము లోతు నీళ్లలో

ఆ నిబ్బరం ఎలా తయారవుతుందో శిక్షణ జరిగేచోట కాసేపు నిలబడితే కళ్లారా చూడొచ్చు. నేను శిక్షణలో ఉన్నప్పుడు పక్కనే నడివయసు గృహిణి ఒకావిడ ఉన్నారు. పిల్లలు బలవంతపెడితే వచ్చారు. నడుము లోతు నీళ్లలో మోకాళ్ల మీద కూర్చుని, మౌత్‌పీస్ పళ్ల మధ్య పట్టుకుని తల ముంచాలి. తర్వాత మాస్క్‌లోకి కొంచెం నీళ్లు రానిచ్చి, పై అంచును వేళ్లతో అదిమిపట్టి, మొహం కాస్త పైకెత్తి ముక్కుతో గాలి వదలాలి. ఆ గాలికి నీళ్లు కింది అంచు నుంచి బయటికి పోతాయి. చెప్పడానికి ఇంతే.

నీళ్లు కంటికి తగలగానే ఆవిడ ఒక్క ఉదుటున లేచి నిలబడ్డారు. మౌత్‌పీస్ ఊడిపోయింది, భుజాలు బిగుసుకుపోయాయి.

“పర్లేదమ్మా” అన్నాడు శిక్షకుడు. “ఇక్కడైతే లేచి నిలబడొచ్చు. లోపల నిలబడ్డానికి నేలుండదు కదా. అందుకే ఇక్కడే అలవాటు చేసుకోవాలి. కళ్లలోకి నీళ్లొస్తే రానీండి. నోటికి గాలి అందుతోందా లేదా, అదొక్కటే చూసుకోండి.”

మళ్లీ మునిగారు. మళ్లీ లేచారు. అతను విసుక్కోలేదు, ఆవిడ మానుకోలేదు. కాసేపటికి బుడగలు ఒక వరసలో రావడం మొదలైంది. పీల్చినప్పుడు ఆగుతున్నాయి, వదిలినప్పుడు గుంపుగా లేస్తున్నాయి. బిగుసుకుపోయిన భుజాలు కిందికి దిగాయి. మాస్క్‌లో నీళ్లు నిండినా వేళ్లు వాటంతటవే పై అంచు దగ్గరికి వెళ్లాయి. అప్పటికి సముద్రం మారలేదు, మాస్క్ మారలేదు, ఆవిడ వయసూ మారలేదు. నీళ్లొస్తే ఏం చేయాలో చేతికి తెలిసింది, అంతే. మనం ధైర్యం అని పిలిచేదాంట్లో సింహభాగం ఇదే.

సైగలు కూడా అక్కడే నేర్పుతారు. నీటి అడుగున మాట పనికిరాదు కాబట్టి చేతులతోనే మాట్లాడుకోవాలి. ఒడ్డున బొటనవేలు పైకెత్తితే ‘భేష్’ అని. నీటిలో అదే సైగకు ‘పైకి వెళ్దాం’ అని అర్థం. అంతా బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. ఇబ్బందిగా ఉంటే అరచేయి చాపి అటూ ఇటూ ఊపి, ఇబ్బంది ఎక్కడో వేలితో చూపాలి. ఏళ్ల తరబడి పాతుకుపోయిన ఒక చిన్న అలవాటును మార్చుకోవడానికే ఇంత సాధన కావాలంటే, కోపం, కంగారు, మొండితనం లాంటి పెద్ద అలవాట్లను సంకల్పం చెప్పుకున్నంత మాత్రాన మార్చేసుకుంటామనుకోవడం అత్యాశ.

నొప్పి మొదలవక ముందే

కిందికి దిగేటప్పుడు ముందుగా ఒత్తిడి తెలిసేది చెవులకు. ముక్కు పట్టుకుని నెమ్మదిగా గాలి ఊదితే చెవి లోపలా బయటా ఒత్తిడి సమానమవుతుంది. ఈ పద్ధతి 17, 18 శతాబ్దాల్లో జీవించిన ఇటలీ శరీర శాస్త్రవేత్త వల్సాల్వా పేరుతో వాడుకలో ఉంది. ఇందులో కిటుకంతా సమయంలోనే ఉంది. దిగడం మొదలైన మొదటి మీటరు నుంచే, చెవి బరువెక్కక ముందే చేస్తూ ఉండాలి. నొప్పి వచ్చాక బలంగా ఊదితే చెవికే దెబ్బ. అప్పుడు చేయాల్సింది కొంచెం పైకి వచ్చి, ఒత్తిడి తగ్గాక మళ్లీ ప్రయత్నించడం.

మన జీవితాల్లో చాలా కష్టాలు ముదిరేది ఈ ఆలస్యం వల్లే. వాయిదా కట్టలేకపోతున్నామని మొదటి నెలలోనే ఇంట్లో చెప్పం. అప్పు మీద అప్పు చేసి, ఇల్లు తాకట్టు పడ్డాక చెబుతాం. అన్నదమ్ముల మధ్య చిన్న మాట పట్టింపు వచ్చినప్పుడే కూర్చుని మాట్లాడుకోం. మాటలు పూర్తిగా ఆగిపోయాక పెద్దమనుషుల్ని పిలుస్తాం. చదువు తలకెక్కడం లేదని పిల్లవాడు మొదటి పరీక్షకే చెప్పగలిగితే సాయం చేయడం తేలిక. ఓర్చుకోవడం గొప్ప గుణమే. చెప్పాల్సిన సమయంలో నోరు మెదపకపోవడాన్ని మాత్రం ఓర్పు అనుకోకూడదు. ‘ఇబ్బందిగా ఉంది’ అని వేళకు చేయి ఊపగలిగినవాడే డైవర్‌గా పనికొస్తాడు, సంసారంలోనూ నెగ్గుకొస్తాడు.

తెగువ వేరు, తయారీ వేరు

2022 జులైలో పూడిమడక తీరంలో సరదాగా గడపడానికి వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులు అలల్లో కొట్టుకుపోయారు. ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆ పిల్లల్ని తప్పుపట్టడానికి ఈ మాట రాయడం లేదు. ఏ ఇంట్లోనైనా ఆ వయసు అలాంటిదే. అలల ముందు నిలబడ్డప్పుడు ఉరకలేసే ఉత్సాహానికి, నీటిని ఎదుర్కొనే తయారీకి మధ్య ఎంత దూరం ఉందో మనం పిల్లలకు చెప్పలేదన్నదే నా బాధ. ఈత నేర్పని ఊళ్లు, నీళ్ల దగ్గరికి వెళ్లొద్దని మాత్రం చెప్పే ఇళ్లు ఇకనైనా మారాలి. ‘వెళ్లొద్దు’ అన్న మాట పిల్లవాడు మన కళ్లముందు ఉన్నంతవరకే కాపలా కాస్తుంది. నేర్చుకున్న విద్య అతని వెంటే వెళ్తుంది.

ఆ తీరం మీదుగానే సాగిన మరో ప్రయాణాన్ని కూడా పిల్లలకు చెప్పాలి. సామర్లకోటకు చెందిన గోలి శ్యామల నలభై దాటాక ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో శ్రీలంకకు, మన దేశానికి మధ్య ఉన్న పాక్ జలసంధిని ఈదారు. 2024 డిసెంబరు చివర్లో విశాఖ ఆర్కే బీచ్‌లో బయలుదేరి, అనకాపల్లి జిల్లా తీరాన్ని దాటుకుంటూ, విడతలు విడతలుగా సుమారు 150 కిలోమీటర్లు ఈది 2025 జనవరి మొదట్లో కాకినాడ చేరారు. అప్పటికి ఆమె వయసు యాభై దాటింది. అంత దూరం ఈదడం ఒక్క రోజు తెగువతో అయ్యే పని కాదు. ఏళ్ల తరబడి తెల్లవారుజామున చేసిన సాధనలు కలిస్తేనే అవుతుంది.

నౌకాదళం కూడా ఇదే నమ్ముతుంది. విశాఖలోని ఐఎన్ఎస్ శాతవాహనలో 2024 సెప్టెంబరులో ‘వినేత్ర’ అనే శిక్షణ వ్యవస్థను ప్రారంభించారు. ఆపదలో చిక్కుకున్న జలాంతర్గామి నుంచి సిబ్బంది ఎలా బయటపడాలో అక్కడ నీటి గోపురంలో సాధన చేయిస్తారు. సముద్రమే వృత్తిగా ఎంచుకున్న సైనికులను కూడా ‘ధైర్యంగా ఉండండి’ అన్న మాటతో సరిపెట్టి పంపరు. ఆపద రాకముందే ఆపదను అలవాటు చేయిస్తారు.

ఒడ్డున చేయాల్సిన సాధన

డైవింగ్‌కు వెళ్లే వీలు అందరికీ ఉండకపోవచ్చు. ఆ పద్ధతిని వాడుకునే వీలు మాత్రం అందరికీ ఉంది.

మొదట, కంగారులో మీ శరీరం ఇచ్చే తప్పుడు సలహా ఏదో కనిపెట్టండి. ఇంటర్వ్యూలో కొందరు ఆపకుండా మాట్లాడేస్తారు. కొందరికి నోరు పెగలదు. కోపం వస్తే ఒకరు గొంతు పెంచుతారు, ఒకరు అన్నం మానేసి పడుకుంటారు. మీది ఏదో మీకంటే మీ ఇంట్లోవాళ్లకే బాగా తెలుసు. అడగండి.

రెండోది, దానికి బదులు చేయాల్సిన పనిని ముందే నిర్ణయించుకోండి. అది చాలా చిన్నదై ఉండాలి. ప్రశ్న విన్నాక ఒక్క ఊపిరి పూర్తిగా వదిలి అప్పుడు జవాబు మొదలుపెట్టడం. కోపంలో ఉన్నప్పుడు ఫోన్‌లో మెసేజ్ పంపకపోవడం. చెడు వార్త వినగానే కాగితం తీసుకుని మొదట ఎవరికి ఫోన్ చేయాలో రాసుకోవడం. ‘నిబ్బరంగా ఉంటాను’ అన్నది కోరిక మాత్రమే. ‘ఊపిరి వదులుతాను’ అన్నది చేయగలిగిన పని.

మూడోది, దాన్ని లోతు తక్కువ నీళ్లలో సాధన చేయండి. సభలో మాట్లాడాలంటే ముందు ఇంట్లో నలుగురి ముందు మాట్లాడండి. పెద్ద గొడవలో నోరు అదుపులో పెట్టుకోవాలంటే బస్సులో సీటు దగ్గర వచ్చే చిన్న గొడవలో అలవాటు చేసుకోండి.

నాలుగోది, జతగాడిని వెతుక్కోండి. డైవర్లు ఒంటరిగా దిగకూడదన్నది ప్రాథమిక సూత్రం. ఒకరి సిలిండర్‌లో గాలి ఎంతుందో రెండోవారూ చూస్తూ ఉంటారు. మన మొహం చూసి ‘ఏమైంది?’ అని అడిగే మనిషి ఒక్కరున్నా బలమే.

మొదటిసారి దిగేవారికి

ఈ సెలవుల్లో నిజంగానే దిగాలనుకుంటే సంతోషం. అర్హత పత్రం ఉన్న శిక్షకుడి దగ్గరికే వెళ్లండి. నడుము లోతు సాధన చేయించకుండా నేరుగా పడవ ఎక్కించే చోటికి వెళ్లకండి. ఆరోగ్య పత్రంలో నిజం రాయండి. ఆస్తమా, గుండె జబ్బు, చెవి సమస్య, గర్భం ఉంటే దాచకూడదు. ముందు డాక్టర్‌ను అడగాలి. జలుబు ఉన్నరోజున, మద్యం తాగినరోజున దిగకూడదు. మొదటి అనుభవానికి అంతర్జాతీయ సంస్థలు పెట్టిన గరిష్ఠ లోతు 12 మీటర్లు. అంతకంటే తక్కువ లోతులోనే చూడాల్సినంత ఉంటుంది. డైవింగ్ చేసిన వెంటనే విమానం ఎక్కకండి. 18 గంటలకు తక్కువ కాకుండా విరామం ఉంచుకుంటే మేలు.

ఒకవేళ పడవ మీద కూర్చున్నాక దిగాలనిపించకపోతే తిరిగి వచ్చేయండి. ఎప్పుడు వెనుదిరగాలో తెలియడం కూడా ఆ విద్యలో భాగమే. ఎవరైనా ఎగతాళి చేస్తే చేయనీండి. తర్వాత మళ్లీ నడుము లోతు నీళ్ల దగ్గర మొదలుపెట్టొచ్చు.

ఆపద ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. వచ్చినప్పుడు మన చేతులు ఏం చేస్తాయన్నది మాత్రం చాలావరకు మన సాధన మీదే ఉంటుంది. అది ఈ రోజే మొదలుపెట్టుకునే వీలుంది. ఒక్క భయం, దానికి ఒక్క చిన్న అలవాటు ఎంచుకోండి. మొదలుపెట్టడానికి అంతే చాలు.