తేగ నేర్పే పాఠం



ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మన ఊళ్లలో తాటి టెంకలను పాతర వేస్తారు. వారాలు గడిచినా పైన పచ్చని ఆకు కనిపించదు. లోపల ఏమీ జరగడం లేదనుకుంటాం. నిజానికి మొలక ముందుగా భూమిలోనికే దిగుతుంది. టెంకలోని ఆహారం క్రిందికి చేరి తేగగా ఊరుతుంది. ఆకు పైకి వచ్చేది ఆ తరువాతనే. మాను లేవడానికి ఏళ్లు పడుతుంది. కాపుకు రావాలంటే ఇంచుమించు 12 నుండి 15 ఏళ్లు ఆగాలి. అలా వేరూనిన చెట్టు ఎండకూ గాలికీ తట్టుకొని నిలుస్తుంది.

చలికాలంలో పాతర త్రవ్వితే రుచిగల తేగలు దొరుకుతాయి. కాని త్రవ్వి తీసిన తేగ ఇక చెట్టు కాదు.

మన బిడ్డల విషయంలో మనం చేస్తున్నదేమిటి? నెలనెలా మార్కులు చూసి, ప్రక్కింటి పిల్లలతో పోల్చి, ఎదుగుదల ఏదని నిలదీస్తున్నాం. చదివే అలవాటు, నిజం చెప్పే ధైర్యం, ఓటమిని ఓర్చుకొనే గుణం వేళ్లవంటివి. అవి ప్రోగ్రెస్ కార్డులో కనిపించవు.

ఓపిక అంటే చేతులు ముడుచుకొని కూర్చోవడం కాదు. పాతరకు మట్టి కప్పాలి, తడి ఆరకుండా చూడాలి. ఈసారి మీ బిడ్డ మార్కుల కాగితం తెచ్చినప్పుడు, "ఎన్ని వచ్చాయి?" అనడానికి ముందు "ఏమి నేర్చుకున్నావు?" అని అడిగి చూడండి.