పక్షి చిత్రాలు – చిత్రకారులు

ఆదిలాబాదు ప్రాంతంలోని నిర్మల్ పట్టణం కొయ్యబొమ్మలకు పేరుపొందింది. అక్కడి నకాషీ కళాకారులు పొనికి కర్రతో చెక్కి రంగులద్దిన చిలుకలు, నెమళ్లు ఇంటికి శోభ కూర్చుతాయి. చిలుక ముక్కు కాస్త పొడవైనా ఎవరూ తప్పుపట్టరు. అయితే రెక్కలోని ఒక్క ఈక రంగు కూడా తప్పకూడదన్న నియమంతో పక్షులను చిత్రించినవారు మనదేశంలో ఒకప్పుడు ఉండేవారు. వారి చిత్రాలు అలంకారం కోసం కాదు, ప్రకృతి శాస్త్ర పరిశీలన కోసం.

ఛాయాచిత్రాలు లేని కాలమది. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులలో కొందరు పక్షులను వేటాడి తెప్పించి, చర్మం ఒలిచి, మందు పూసి, దూది కూరి భద్రపరిచేవారు. ఎంత భద్రపరిచినా కనుగుడ్డు, ముక్కు, కాళ్ల సహజవర్ణాలు నిలవవు. అందుకే పక్షి తాజాగా ఉండగానే చిత్రకారుడు కుంచె పట్టవలసివచ్చేది. జిగురు చేర్చిన రంగులను నీటిలో పలుచగా కలిపి, కాగితంపై పొర మీద పొరగా వేసేవాడు. సూక్ష్మచిత్రాలు వేసి ఆరితేరిన చేతులకే అది సాధ్యం.

కలకత్తాలో ప్రధాన న్యాయమూర్తి భార్య మేరీ ఇంపే 1777–1782 మధ్య ఇట్టి చిత్రాలను మూడువందలకు పైగా వేయించింది. వాటిలో సగానికి మించి పక్షులవే. పాట్నా ప్రాంతపు చిత్రకారులైన షేక్ జైనుద్దీన్, భవానీదాస్, రామ్‌దాస్‌ల పేర్లు ఆ చిత్రాలపైనే ఉన్నాయి. భవానీదాస్ చిత్రించిన వాటిలో గులాబిరంగు తల గల బాతు ఒకటి. 1949 తరువాత ఆ బాతు జీవించి ఉన్నదనడానికి తిరుగులేని ఆధారం లభించలేదు. దాని రూపం తెలుసుకోవాలంటే ఇప్పుడు మ్యూజియంలోని చర్మాలనూ ఇటువంటి చిత్రాలనూ చూడవలసిందే.

తెలుగుదేశంలో ఈ పనికి పూనుకున్నవాడు నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన థామస్ జెర్డన్. 1847లో మద్రాసులో పూర్తయిన ఆయన గ్రంథంలో 50 రంగుల చిత్రాలున్నాయి. వాటిలో చాలావరకు భారతీయ చిత్రకారుల చేతిపనే. 1862–64లో వెలువడిన పక్షిశాస్త్ర గ్రంథంలో ఆయన పక్షులకు తెలుగు పేర్లు కూడా చేర్చాడు. వేటగాళ్ల నోట వినిపించే బట్టమేక వంటి మాటలు ఆ విధంగా గ్రంథస్థమయ్యాయి. ఇది సామాన్యమైన మేలు కాదు.

కాని చిత్రకారుల సంగతి వేరు. ఆ కాలపు ముద్రిత గ్రంథాలలో బొమ్మ కింద పక్షి లాటిన్ పేరు ఉండేది. గీసినవాని పేరు తరచుగా ఉండేది కాదు. కడప అడవుల కలివికోడిని ఆంగ్లంలో నేటికీ జెర్డన్ పేరుతోనే పిలుస్తారు. అటువంటి గౌరవం చిత్రకారులకు దక్కడం అరుదు. మద్రాసులో రాబర్ట్ వైట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు మాత్రం తనకు మొక్కల చిత్రాలు గీసిన రంగయ్య, గోవిందుల పేర్లను మరుగుపరచలేదు. 1853లో ఒక ఆర్కిడ్ జాతికి ఆయన పెట్టిన పేరు ‘గోవిందూయియా’.