“ఏమీ తినడం లేదు సిస్టర్ గారూ!”



షుగరు, అధిక బరువుతో వచ్చేవారు మాతో తరచుగా చెప్పే మాట ఇది: “ఏమీ తినడం లేదు సిస్టర్ గారూ, నీళ్లు తాగినా ఒళ్లు వస్తోంది.” ఒకసారి ఇలా చెప్పిన ఒక అమ్మగారు అబద్ధమాడుతున్నారని నేను మనసులో విసుక్కున్నాను. నాది తప్పని తరువాత తెలిసింది.

ఉదయం రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం కప్పు అన్నం, రాత్రి రెండు పుల్కాలు అని ఆమె చెప్పేవారు. మేము అదే రాసుకున్నాము. ఇంత తక్కువ తిన్నా షుగరు తగ్గడం లేదని డాక్టరు గారు మాత్రల మోతాదు పెంచారు. కొన్ని వారాలకు ఆమె కాలి పుండుతో వార్డులో చేరారు. అక్కడ ఆమె చెప్పినంతే భోజనం, అవే మాత్రలు. మూడవనాడు తెల్లవారుజామున చెమటలు, వణుకు, మాట తడబాటు. షుగరు 48కి పడిపోయింది. వెంటనే గ్లూకోజు ఎక్కించాము. దేవుని కృపవలన కోలుకున్నారు.

అది అబద్ధం కాదు

తరువాత ఆమె పక్కన కూర్చుని నిదానంగా అడిగాను. రోజుకు అయిదు టీలు. ఉప్పు చూడటానికి గరిటెడు కూర. పిల్లలు వదిలేసిన అన్నం పారేయలేక తినడం. గృహ ప్రార్థన కూటంలో మిక్చరు, బిస్కెట్లు. “అవి కూడా తినడమేనా సిస్టర్ గారూ?” అని ఆమె ఆశ్చర్యపోయారు. కంచం ముందు కూర్చుని తిన్నదే తిండి అని మనమందరం అనుకుంటాము.

1992లో అమెరికాలోని న్యూయార్కులో, తక్కువ తింటున్నా బరువు తగ్గడం లేదని చెప్పిన పదిమందిని పరిశోధకులు పరీక్షించారు. ప్రత్యేకమైన నీటిని తాగించి, మూత్ర పరీక్షలతో శరీరం ఖర్చుచేసే శక్తిని లెక్కగట్టారు. శరీరంలో లోపమేమీ కనబడలేదు. కానీ వారు తిన్నదానిలో సగటున 47 శాతం వారు రాసుకున్న లెక్కలోకే రాలేదు. కనుక రాసినా పొరపాటు జరుగుతుంది. అందుకే రాతతోపాటు కొలత కూడా కావాలి.

లెక్క ఎలా రాయాలి?

1. తిన్న వెంటనే రాయండి, రాత్రిదాకా ఆగవద్దు. మూడు రోజులు చాలు, అందులో ఒకటి ఆదివారం కావాలి.

2. “కప్పు” అంటే ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కొక్క కొలత. అన్నానికి ఒకే గిన్నె వాడి, ఆసుపత్రికి వచ్చేటప్పుడు దానిని తెండి.

3. టీలో చక్కెరను చెంచాలతో లెక్కపెట్టండి. అయిదు టీలకు రెండేసి చెంచాలంటే 50 గ్రాములు, అంటే 200 కేలరీలు.

4. నూనె ప్యాకెట్టు మీద విప్పిన తేదీ వేయండి. నలుగురికి నెలకు 5 లీటర్లయితే మనిషికి రోజుకు సుమారు 40 మిల్లీలీటర్లు, అంటే ఎనిమిది టీస్పూన్లు, 300 కేలరీలకు పైమాటే.

ఇంట్లోవారికి ఒక మనవి. కాపలా కాయకండి, ఎగతాళి చేయకండి. మందలిస్తే మనిషి దాచుకుని తింటాడు, మరి లెక్క ఎలా కుదురుతుంది?

మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఈ లెక్క చూసి భయపడి ఒక్కసారిగా తిండి మానవద్దు, మందు మీరే తగ్గించుకోవద్దు. పుస్తకం డాక్టరు గారికి చూపించండి. మోతాదు మీ తిండిని బట్టే నిర్ణయిస్తారు.

లెక్క సరిగ్గా ఉండి కూడా బరువు పెరుగుతుంటే, థైరాయిడ్ లోపమా, ఒంట్లో నీరు చేరుతోందా, వాడుతున్న మందుల వల్లనా అని పరీక్షించాలి. మీ పుస్తకమే అప్పుడు మీ పక్షాన సాక్ష్యం చెబుతుంది.

ఉన్నది ఉన్నట్లు రాసి తెండి. మేము కోప్పడము. ఆ అమ్మగారు ఇప్పుడు కూటంలో టీ తాగిన వెంటనే చిన్న పుస్తకం తీస్తారు. ఆమె మాత్రల మోతాదు తగ్గింది.

ప్రభువు మీ కుటుంబాలకు ఆరోగ్యమిచ్చును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్