పాల వ్యాను ముందు టైర్లు ఎందుకు త్వరగా అరుగుతాయి?

సంఘ సభ్యులారా, ఈ పాఠం వ్యాను ముందు చక్రాల అమరికను గురించినది. అది మెకానిక్ పని, మనకెందుకు అనుకోవద్దు. టైర్ల ఓచర్ల మీద సంతకం చేసేది మన పాలకవర్గమే.

కొన్నేళ్ల క్రితం ఒక సంఘం లెక్కలు తనిఖీ చేస్తుండగా, వ్యాను ముందు టైర్లు రెండూ ఏడు నెలలకే మార్చినట్లు కనిపించింది. వెనుక టైర్లు మాత్రం బాగానే ఉన్నాయి. డ్రైవరు కొత్తవి అమ్ముకొని పాతవి బిగించి ఉంటాడని కొందరు సభ్యులు అన్నారు. నాకూ అదే అనుమానం తోచి అభ్యంతరం వ్రాశాను. టైర్ల ఖరీదును అతని జీతంలో మినహాయించడం మొదలైంది. "అయ్యా, కల్వర్టు దగ్గర గుంటలో పడినప్పటి నుంచి స్టీరింగు వంకరగా పట్టుకుంటేనే బండి తిన్నగా పోతోంది. రెండుసార్లు చెప్పాను" అని అతడన్నాడు. నేను దానిని సాకు అనుకున్నాను.

ఇక పాఠంలోకి వద్దాం. పైనుంచి చూస్తే ముందు చక్రాలు రెండూ ముందువైపు కాస్త దగ్గరగా ఉంటే టో-ఇన్, దూరంగా ఉంటే టో-అవుట్ అంటారు. ఎదురుగా నిలబడి చూసినప్పుడు చక్రం పైభాగం లోపలికో బయటికో వాలి ఉండడం క్యాంబర్. క్యాస్టర్ తెలియాలంటే సైకిలు ముందు ఫోర్కు చూడండి. అది నిటారుగా ఉండదు, వాలుగా ఉంటుంది. మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను మధ్యకు రావడానికి అటువంటి వాలే తోడ్పడుతుంది. ముందువైపు ఒకే ఇరుసు ఉన్న బండ్లలో షెడ్డులో మామూలుగా సరిచేసేది టో ఒక్కటే, టై రాడ్డును తిప్పి.

టైర్ల డబ్బు ఎక్కువగా తినేది ఈ టోనే. 600 మి.మీ. వ్యాసం గల చక్రాలకు టో ఉండవలసినదానికన్నా 5 మి.మీ. ఎక్కువైనదనుకోండి. ఒక్కో చక్రం వంతు రెండున్నర మి.మీ. అంటే కిలోమీటరు దొర్లేసరికి ఆ చక్రం సుమారు 4 మీటర్లు అడ్డంగా రోడ్డుకు రాసుకుంటుంది. రోజుకు 60 కి.మీ. రూటు తిరిగే వ్యానులో ఇది 250 మీటర్లు. నెలకు ఏడున్నర కిలోమీటర్లు! అదీ పాల బరువుతో. 40 లీటర్ల క్యానులో పాలే 41 కిలోలు తూగుతాయి కదా.

అరచేతితో టైరును తడిమితే ఈ జబ్బు తెలుస్తుంది (తీగలు బయటపడిన టైరు మీద చెయ్యి పెట్టవద్దు). ఒక వైపుకు నిమిరితే నున్నగా, తిరిగి నిమిరితే రంపం పళ్లలా తగిలితే టో చెడినట్లు. ఒకే అంచు నున్నగా అరిగితే క్యాంబర్ చూపించాలి. రెండంచులూ అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే గాలి ఎక్కువ. అక్కడక్కడ గుంటలు పడితే షాక్ అబ్జార్బర్లను, చక్రాల బ్యాలెన్సును అనుమానించాలి.

టో కొలవడానికి టేపు, సుద్దముక్క చాలు. చదునైన నేలమీద, గాలి సరిచూసిన తర్వాత, చక్రాలు తిన్నగా ఉంచి బండిని కొంచెం ముందుకు తొయ్యండి. రెండు ముందు టైర్ల నడిమి గీత మీద, ముందువైపున, ఇరుసు ఎత్తులో గుర్తు పెట్టి మధ్య దూరం కొలవండి. అవే గుర్తులు వెనుకకు అదే ఎత్తుకు వచ్చేదాకా ముందుకే తోసి మళ్లీ కొలవండి. రెంటికీ గల తేడాయే టో. ఎంత ఉండాలో ఆ బండి పుస్తకంలో ఉంటుంది.

అయితే ముందు కమాన్లు, యు-బోల్టులు, బుష్‌లు, కింగ్‌పిన్నులు చూడవలసి ఉంటుంది. అవి వదులుగా ఉండగా అలైన్‌మెంట్ చేయించడం, పితికిన పాలు వేడిగా ఉండగానే లాక్టోమీటరు ముంచడం వంటిది. అంకె కనిపిస్తుంది గాని అది నిజం కాదు. కమాను నడిమి బోల్టు తెగితే ఇరుసే పక్కకు జరిగి బండి పీతలా నడుస్తుంది. ఇరువైపులా ముందు చక్రం నడిమి నుంచి వెనుక చక్రం నడిమికి కొలిస్తే ఇది బయటపడుతుంది.

తరువాతి తనిఖీకి వెళ్లినప్పుడు ఆ పాత టైర్లు షెడ్డులో మూలన పడి ఉన్నాయి. వాటి నంబర్లు వారంటీ కార్డులతో సరిపోయాయి. మొదటిసారే చూడవలసిన పని అది, నేను చూడలేదు. తడిమితే రంపం పళ్లు. మెకానిక్ వంగిన టై రాడ్డు విప్పి చూపించాడు. నా అభ్యంతరం నేనే ఉపసంహరించుకొని నివేదికలో వ్రాశాను. పాలకవర్గం తీర్మానించి మినహాయించిన సొమ్మంతా డ్రైవరుకు తిరిగి ఇచ్చింది. ఆ వ్యాను లాగ్‌బుక్కులో డ్రైవరు ఫిర్యాదులకు ఒక గడి గీయించారు. వారానికొకసారి అధ్యక్షుడు దాని కింద సంతకం చేస్తారు.