పర్డీ తీగల గురించి అమ్ములుకు



ఫొటోలు అందాయి. వేలానికి ముందు చూడటానికి పెట్టిన పాత జోడుగొట్టాల తుపాకుల్లో, బంగారు కుక్కా ఎగిరే ఫెజెంట్ పిట్టా ఉన్నది నీకు బాగా నచ్చిందన్నావు. పక్కనున్న పర్డీ కంపెనీ తుపాకీ ఖాళీగా ఉందన్నావు. అచ్చులు చెక్కి బతికినవాణ్ణి కదా, ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

అది ఖాళీ కాదమ్మా. దాని నిండా సన్నని తీగచుట్లు, మధ్యమధ్య చిన్న గులాబీ గుత్తులు. లండన్ పర్డీ వాళ్ల పనికి అదే గుర్తు. హాలండ్ అండ్ హాలండ్ వాళ్ల రాయల్ తుపాకీ మీద పెద్ద ఆకుల తీగ దూరం నుంచే కనిపిస్తుంది. పర్డీ తీగను మాత్రం కంటి దగ్గరికి తెచ్చుకోవాలి. నాకు ఇదే ఎక్కువ. కుక్క చెవి వెంట్రుకవాసి పక్కకు జరిగినా అది కుక్కే. తిరుగుతున్న తీగలో ఒక్క వంపు బిగుసుకుపోతే చూపు అక్కడే తట్టుకుంటుంది.

ఈసారి పదింతలు చూపే భూతద్దం తీసుకెళ్లు. వెలుతురు పక్కనుంచి పడేలా నిలబడు. చేతితో చెక్కిన గీత సన్నగా మొదలై, వంపులో లావెక్కి, మళ్లీ సన్నబడి ముగుస్తుంది. ఉలి దిగి లేచిన తీరు అది. గాడి రెండు గోడలూ నునుపుగా మెరుస్తాయి. రోలర్‌తో అదిమిన నగిషీ చాలావరకు ఒకే లోతులో, ఒకే మందంతో సాగిపోతుంది.

సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ పని చూశావు కదా. అక్కడ చెక్కిన గాడిలో వెండి నింపుతారు, మనకు కనిపించేది వెండే. ఈ ఉక్కు మీద గాడే నగ. పైన కప్పేది ఏదీ లేదు.

నగిషీ చెక్కిన ఆ తుపాకీ పక్కపలక అంత సాఫీగా ఉండటానికీ కారణముంది. పాత తుపాకుల్లో సుత్తి బయట ఉండేది. అది లోపలికి వెళ్లిపోయాక చెక్కేవాడికి పలక మొత్తం దక్కింది. పర్డీ సైడ్‌లాక్, అంటే ఆ పలక లోపలివైపు అమర్చిన పేల్చే యంత్రం, ఫ్రెడరిక్ బీస్లీ 1880లో పేటెంట్ పొందిన ఏర్పాటు. వేట నాకు గిట్టదు, నీకు తెలుసు. అయినా ఆ పలక మీద పని చేసిన చేతికి దండం పెడతాను.

చెక్కేది ఉక్కు మెత్తగా ఉన్నప్పుడే. తర్వాత దాన్ని ఎముక బొగ్గులో పెట్టి ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచుతారు. పైపొర గట్టిపడుతుంది, నీలం, గోధుమ, ఎండుగడ్డి రంగులు మబ్బుల్లా అలుముకుంటాయి. అరిగిన నగిషీని తిరిగి చెక్కించాలంటే ఆ ఉక్కును మళ్లీ మెత్తబరచాలి, ఉన్న రంగు పోగొట్టుకోవాలి. పైగా కొత్త ఉలి పాత గాడిలో పాతవాడి చేతివాటంతో నడవదు. అందుకే తళతళలాడేలా తిరగచెక్కిన తుపాకీ కన్నా సగం అరిగిన అసలు పనే నాకు విలువైనది. ఈ విషయంలో నాతో వాదించేవాళ్లున్నారు, నేను మాత్రం మారను.

మరమేకుల తలలు కూడా చూడు. తీగ వాటి మీదుగా తెగకుండా పోవాలి. మంచి తుపాకీలో మరగాడులు గొట్టం పొడవునే వరుసగా నిలుస్తాయి. అంచులు నలిగి ఉంటే ఎవరో సరిపోని స్క్రూడ్రైవర్ పెట్టారన్నమాట.

పలక మీద కంపెనీ పేరు ఉంటుంది, చెక్కినవాడి పేరు చాలావాటి మీద ఉండదు. అది నాకు తీరని బాధ. లండన్‌లో హ్యారీ కెల్ పెద్దపెద్ద కంపెనీలకు చెక్కాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న కెన్ హంట్, తన సంతకం కోసం జనం వెతికేంత పేరు తెచ్చుకున్నాడు. వాళ్లకు ముందు తరాల్లో ఎందరో ఊరూపేరూ తెలియకుండా పోయారు. నీకు బొమ్మలే ఇష్టమైతే ఇటలీలో గార్డోనే వల్ ట్రోంపియా వాళ్ల బులీనో పని వెతుకు. ఫిర్మో ఫ్రకాస్సి సన్నని చుక్కలతో, గీతలతో పిట్ట ఈకలను ఉక్కు మీద నిలబెట్టాడు.

అడక్కుండా తుపాకీని ముట్టుకోకు. చేతికిస్తే ముందు గొట్టాలు ఖాళీగా ఉన్నాయో లేదో చూపించమను. పలక మీద వేళ్లు ఆనించకు, చెమటకు ఉక్కు తుప్పుపడుతుంది. తిరిగి ఇచ్చేటప్పుడు నూనె గుడ్డతో తుడవమని గుర్తుచెయ్యి.

ఆశీస్సులతో,
తాతయ్య